మృతురాలి వయసు ఇరవై ఎనిమిది కాదు

మరణ నమోదు అధికారి గారి సముఖమునకు,

నాచారం వాస్తవ్యుడు చింతల హన్మయ్య, తండ్రి కీ.శే. బుచ్చిరాములు, వయసు 56 సం., పూర్వం డ్రమ్ముల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జి, ప్రస్తుతం ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్, సమర్పించుకున్న అర్జీ.

విషయం: నా భార్య చింతల రాణి మరణ ధ్రువపత్రంలో వయసు 28 అని, మరణించిన సంవత్సరం 2002 అని పడినందున, వాటిని 46గాను, 2020గాను సవరించుట గురించి.

అయ్యా,

కంపెనీ నడిచిన రోజుల్లో యూనియన్ తరఫున అర్జీలు రాసే పని నాదే. అర్జీ ఒక పేజీ దాటకూడదని నాకు తెలుసు. ఇదే విషయం మీద ఇంతకుముందు ఒక పేజీలోనే రాసి తమ కార్యాలయంలో ఇచ్చాను. "తగిన కారణం చూపలేదు" అని తిప్పి పంపారు. అందువల్ల ఈసారి కారణం మొత్తం రాస్తున్నాను. నిడివికి మన్నించగలరు.

1. పెళ్ళయిన తరువాత నేను, రాణి జనగామ పక్కన మా ఊరు విడిచి నాచారం వచ్చాము. ఇక్కడి పారిశ్రామికవాడలో ఇనుప డ్రమ్ములు చేసే కంపెనీలో నాకు పని. మాకు ఒక్కతే కూతురు, సుష్మ. రాణి తల్లి లక్ష్మీనర్సమ్మ గారు ఉప్పల్ చిలకానగర్‌లో ఉంటారు. 2002 ఎండాకాలంలో సుష్మ అమ్మమ్మ దగ్గర ఉంది. అప్పుడు దానికి నాలుగేళ్ళు. ఒకరోజు ఉదయం నేను డ్యూటీకి వెళ్తుంటే రాణి, "ఇయ్యాల పోయి పిల్లను తోల్కొస్త. మా అమ్మ దగ్గరనే తింట" అన్నది. సరే అన్నాను. డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. దీపాలు పెట్టే వేళకు కూడా రాకపోతే నేనే చిలకానగర్ వెళ్ళాను. అత్త తలుపు తీసి, నా వెనక చూసి, "బిడ్డేది?" అని అడిగింది. అదే మాట నా నోట్లోనూ ఉంది.

మరునాడు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. వయసు ఎంత అని అడిగితే ఇరవై ఎనిమిది అని చెప్పాను. ఆ రోజుకు అది నిజం. ఇప్పుడు ధ్రువపత్రంలో పడిన అంకె ఆ ఫిర్యాదులోంచి వచ్చినదే.

2. సదరు ఫిర్యాదు ఇచ్చినవాడిని నేనే అయినప్పటికీ అనుమానం కూడా నా మీదే పడింది. అందులో నేను తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమె బయలుదేరిందని చెప్పినవాడిని నేనొక్కడినే. వెళ్తుండగా చూసినవాళ్ళు లేరు. మీ ఇద్దరికీ గొడవలున్నాయా అని అడిగారు. లేవన్నాను. గొడవ లేకుండా ఆడమనిషి ఎందుకు పోతుందని అడిగారు. మేమున్న ఇంటి గచ్చు తవ్వించారు. ఏమీ దొరకలేదు. కేసు ముందుకూ పోలేదు, మూతా పడలేదు.

సుష్మను అత్త తన దగ్గరే ఉంచుకుంది. చూడడానికి వెళ్తే లోపలికి రానివ్వలేదు. "నా బిడ్డను మింగినోనివి, దాని బిడ్డను గూడ మింగుతవా?" అని గల్లీ అంతా వినేటట్టు అడిగింది. ఇంకా కొన్నిసార్లు వెళ్ళాను. పిల్ల కిటికీలోంచి చూసి భయపడి లోపలికి పరుగెత్తడం మొదలుపెట్టిన తరువాత మానుకున్నాను. కంపెనీలో నా పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచేవాళ్ళు వేరే బల్లకు మారారు. నా బల్ల ఖాళీ అయింది.

గుర్తు తెలియని ఆడమనిషి శవం ఎక్కడ దొరికినా స్టేషన్ నుంచి నాకు కబురు వచ్చేది. దవాఖానాకు పోయేవాడిని. వాళ్ళు గుడ్డ ఎత్తేవారు. నేను చూసి కాదనేవాడిని. సంతకం పెట్టి డ్యూటీకి పోయేవాడిని. మొదట్లో ఆ వరండాలో గోడ పట్టుకుని నడిచేవాడిని. తరువాత పట్టుకోవడం మానేశాను. ఎప్పుడు మానేశానో గమనించలేదు. ఒకసారి అలాగే చూసి వచ్చి కంపెనీ క్యాంటీన్‌లో పులిహోర మళ్ళీ పెట్టించుకుని తిన్నాను. ఆకలి వేసింది కాబట్టి తిన్నాను. అది చూసినవాళ్ళు నేనే చంపానని ఇంకా గట్టిగా నమ్మారు.

3. కొన్నాళ్ళకు కంపెనీ మూతపడింది. నేను దగ్గరలోనే ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరాను. 2020 అక్టోబరులో కురిసిన వానలకు ఆ కంపెనీ వెనక నాలా పొంగి, ప్రహరీ కూలి, లోపల నడుము ఎత్తున బురద మేట వేసిన సంగతి ఇక్కడివారందరికీ తెలుసు. ఆ బురదను ఎవరూ తీయలేదు. 2023 ఎండాకాలంలో నాలా వెడల్పు చేయడానికి వచ్చిన జేసీబీకి సదరు మేటలో మనిషి ఎముకలు తగిలాయి.

ఎముకలు ఎవరివో తేలకముందే నాచారంలో అందరికీ నా పేరు గుర్తుకు వచ్చింది. హన్మయ్య పనిచేసిన కంపెనీ. హన్మయ్య భార్య కనబడకుండా పోయింది. ఇంకేం కావాలి? ఎస్సై త్రిమూర్తులు గారు స్వయంగా మా అపార్ట్‌మెంట్‌కు వచ్చారు. ఆయనది గోదావరి వైపు. మర్యాదగానే మాట్లాడారు.

"ఏమయ్యా హన్మయ్యా, ఓసారి స్టేషన్‌కి రావాలి. ఇక్కడ నీ కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టి రా" అన్నారు.

"ఎన్ని దినాలు సార్?"

"అది నీ చేతుల్లో ఉందయ్యా. చెప్పేస్తే తొందరగా అయిపోద్ది."

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేనందున తొందరగా కాలేదు. సుష్మ రక్తం తీసుకుని ఎముకతో పోల్చారు. తల్లీకూతుళ్ళేనని తేలింది. ఎస్సై గారు నా ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుని, "కలిసిందయ్యా. మీ ఆవిడే" అన్నారు. కాసేపు నా ముఖం చూసి, ఏమనిపిస్తోందని అడిగారు. ఏమీ అనిపించడం లేదని చెప్పాను. అది నిజం. ఆ నిజాన్ని కూడా నాకు వ్యతిరేకంగానే రాసుకున్నట్టున్నారు.

అదే రోజు అత్తను తీసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి, చూపు సరిగా ఆనదు. సుష్మ చెయ్యి పట్టుకుని వచ్చి, నేనెక్కడ ఉన్నానో అడిగి, అటు తిరిగి నిలబడింది.

"ఇరవై ఏండ్ల సంది నేను మొత్తుకుంటున్న. ఎవ్వలు ఇనలె. ఇయ్యాల మట్టే బయట పెట్టింది" అన్నది. "ఇగ నేను సచ్చిపోయినా ఫికర్ లేదు."

ఆ మాట అన్నాక ఆమె ముఖం తేలికపడింది. సుష్మ నా వైపే చూస్తూ ఉంది. దానికి తల్లి కళ్ళే వచ్చాయి. నేను తల దించుకున్నాను. అది కూడా ఎస్సై గారు గమనించారు.

4. ఈ అర్జీకి ముఖ్యమైన అంశం ఇది. జేసీబీ పళ్ళకు కపాలం, తుంటి భాగం ముక్కలైపోయినందున వాటిని చూసి వయసు చెప్పడం కుదరలేదట. తొడ ఎముక మాత్రం బాగానే ఉంది. ప్రయోగశాలలో హైమావతి గారనే శాస్త్రవేత్త ఆ ఎముకను అడ్డంగా పల్చటి బిళ్ళలా కోసి, వెలుతురు పారేంత పల్చగా అరగదీసి, మైక్రోస్కోపు కింద చూశారు. చూసిన తరువాత నన్ను, సుష్మను పిలిపించమని పోలీసులకు కబురు పెట్టారు. ఎస్సై గారే మమ్మల్ని జీపులో తీసుకెళ్ళారు. సుష్మ ముందు సీటులో కూర్చుంది.

హైమావతి గారు నన్ను కూర్చోమన్నారు. స్టేషన్‌కు వెళ్ళినప్పటి నుంచి నన్ను ఎవరూ 'మీరు' అనలేదు. ఆమె అన్నారు.

"మీ భార్యకు ఎముకల జబ్బు ఏదైనా ఉండేదా? కిడ్నీల జబ్బు? చాలాకాలం మంచం మీద ఉన్నారా?"

"లేదు మేడం. జలుబు జ్వరం తప్ప ఏం రాలే."

"కనబడకుండా పోయినప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. అది ఖాయమేనా?"

"ఖాయమే మేడం."

ఆమె ఎస్సై గారి వైపు తిరిగారు. "అయితే ఈమె అప్పుడు చనిపోలేదు."

"అదెలాగండీ?" అన్నారు ఎస్సై గారు.

ఆమె చెప్పిన మాటలను గుర్తున్నంతవరకు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "ఎముక రాయి లాంటిది కాదు. మనిషి బతికున్నంత కాలం లోపల పాతది కరుగుతూ, కొత్తది కడుతూనే ఉంటుంది. కొత్తగా కట్టిన ప్రతిచోటా సన్నని నాళం చుట్టూ ఉంగరం లాంటి గుర్తు మిగులుతుంది. వయసు పెరిగే కొద్దీ ఆ ఉంగరాలు ఎక్కువవుతాయి. ఇక చోటు చాలక కొత్తవి పాతవాటి మీదే పడతాయి, పాతవి తునకలుగా మిగులుతాయి. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి ఎముకలో ఉంగరాలు పడని నున్నటి జాగా ఇంకా బాగా కనబడాలి. ఇందులో అది దాదాపు లేదు. నేను లెక్కపెట్టాను, నా లెక్క చెప్పకుండా ఇంకొకరితో కూడా లెక్కపెట్టించాను. నలభైకీ యాభై రెండుకీ మధ్య. సరిగ్గా ఏ ఏడో ఎముక చెప్పదు. కానీ ఇరవై ఎనిమిది మాత్రం కాదు."

"అంటే మేడం, ఈయన..." అని ఎస్సై గారు ఆగిపోయారు.

సుష్మ లేచి, "నేను జూడొచ్చా?" అని అడిగింది. మైక్రోస్కోపులోంచి చాలాసేపు చూసింది. సుష్మ పక్కకు జరిగినప్పుడు నన్ను చూడమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. నేనూ చూశాను. కంపెనీ యార్డులో పేర్చిన డ్రమ్ములను పైకప్పు మీది నుంచి చూస్తే ఎలా ఉండేవో అలా ఉంది. అన్నీ గుండ్రాలు, ప్రతిదాని నడుమ ఒక నల్లటి చుక్క, సందు లేకుండా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. ఇన్నేళ్ళ తరువాత నేను నా భార్యను చూడడం అదే.

"ఇందుల నాతోని ఉన్నప్పటివి ఏవి మేడం?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకు తెలియదు.

"అలా విడదీసి చెప్పలేమండీ" అన్నారు. "అప్పటివి చాలావరకు తరువాత వచ్చినవాటి కింద చెరిగిపోయి ఉంటాయి."

సరే మేడం అన్నాను.

5. నేను 2002లో చంపి దాచానన్న అనుమానం ఇక నిలవనందున నన్ను ఇంటికి పంపారు. ఎస్సై గారు జీపు దగ్గర నిలబడి, "మరి ఇన్నేళ్ళూ ఎక్కడుందయ్యా ఆవిడ?" అని నన్నే అడిగారు. నేను ఆయన వైపు చూశాను. "సర్లే, నువ్వెళ్ళు" అన్నారు.

ఎముకలు ఆ వానల బురదలో దొరికాయి కాబట్టి రాణి పోయింది 2020లోనే. అంటే నలభై ఆరేళ్ళకు. నేను చంపలేదని జీవితంలో మొదటిసారి ఒకరు రుజువుతో చెప్పారు. సంతోషించవలసిన విషయం అని నాకు తెలుసు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నా కుర్చీలో కూర్చుని సంతోషం వస్తుందేమోనని చూశాను. పాలవాడు వచ్చాడు, కొరియర్ వచ్చింది. అది మాత్రం రాలేదు. దాని బదులు ఒకటే తోచింది. నేను దవాఖానాల్లో గుడ్డలు ఎత్తించి చూసిన ఆ కాలమంతా రాణి ఎక్కడో అన్నం వండుకుని తింటూ ఉంది.

6. ఆ తరువాతి ఆదివారం సుష్మ నా గది వెతుక్కుంటూ వచ్చింది. అది ఏఎస్ రావు నగర్‌లో ఒక కళ్ళ దవాఖానాలో రిసెప్షన్‌లో పనిచేస్తుందని అప్పుడే తెలిసింది. గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే మంచం అంచున కూర్చుంది.

"నిన్ను ఏమని పిల్వాల్నో నాకు తెలుస్తలేదు" అన్నది.

"ఏదైనా పిలువు."

"నువ్వు సంపినవని చిన్నప్పటి సంది ఇనుకుంట పెరిగిన. ఇప్పుడు కాదంటున్నరు. జర టైం పడుతది."

"పట్టనియ్యి."

"ఆమె యాడున్నదో కనుక్కుందామా?" అని అడిగింది. అడిగి, నా జవాబు కోసం ఆగకుండా, ఆ వానల్లో కనబడకుండా పోయిన ఆడవాళ్ళ గురించి ఎవరెవరు ఫిర్యాదు చేశారో ఎస్సై గారిని అడిగి తెలుసుకుని వచ్చానని చెప్పింది. అన్నోజిగూడలో ఆడపిల్లల హాస్టల్ నడిపే సుశీలమ్మ గారు తన వంటమనిషి తిరిగి రాలేదని అప్పుడు ఫిర్యాదు ఇచ్చారట. వంటమనిషి పేరు రాణి.

పేరు కూడా మార్చుకోలేదు. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద తిన్నగా పోతే వచ్చే ఊరు. నేను ఎన్నోసార్లు మా ఊరి బస్సులో దాని మీదుగా పోయాను.

ఇద్దరం బస్సులో వెళ్ళాము. సుశీలమ్మ గారు తలుపు తీసి సుష్మను చూసి అలాగే నిలబడిపోయారు.

"నువ్వు రాణి చెల్లెవా?"

"బిడ్డను."

"బిడ్డ ఉన్నదని ఎన్నడు జెప్పలేదమ్మా" అన్నారామె. అన్న తరువాత అనకుండా ఉండవలసిందని ఆమెకే అనిపించినట్టుంది, లోపలికి రమ్మని కుర్చీలు తుడిచారు.

రాణి అక్కడ పద్దెనిమిదేళ్ళు వంట చేసింది. పప్పుచారు చేస్తే హాస్టల్ పిల్లలు గిన్నె అడుగు దాకా గీరేవాళ్ళట. పాటలు పెట్టుకుని కూరగాయలు తరిగేదట. "పొద్దుమాపు నవ్వుడే. మస్తు హుషారు మనిషి. గా పోరిలకు జ్వరమొస్తే పక్కనే పండుకుంటుండె" అని సుశీలమ్మ గారు చెప్పారు. మా ఇంట్లో రాణి పాటలు పెట్టుకున్నట్టు గాని, అంతగా నవ్వినట్టు గాని నాకు గుర్తు లేదు. ఏడ్చినట్టు కూడా గుర్తు లేదు.

"మా ఇంట్లకెళ్లి ఎందుకు వచ్చిందో ఎన్నడన్న జెప్పిందా?" అని సుష్మ అడిగింది.

"ఒక్కపారి అడిగిన. 'ఎవ్వలు ఏం జెయ్యలేదక్కా. ఉప్పల్‌ల దిగాల్నని బస్సెక్కిన. ఉప్పల్ వచ్చింది. దిగబుద్ధి గాలె' అన్నది. గంతే. మల్ల నేను అడగలె, ఆమె జెప్పలె."

"భర్త గురించి?" ఇది నేను అడిగాను. నేనెవరినో ఆమెకు అప్పటికి ఇంకా చెప్పలేదు.

"భర్త సచ్చిపోయిండని జెప్పింది" అన్నారు సుశీలమ్మ గారు.

ఆ చనిపోయినవాడిని నేనేనని నేను చెప్పలేదు. సుష్మా చెప్పలేదు. ఇచ్చిన టీ తాగాము. వాన రోజు సంగతి అడిగితే, నాచారం దిక్కు పనుందని పొద్దున పోయిందని, వద్దన్నా వినలేదని, ఏం పనో చెప్పలేదని అన్నారు. తిరుగు బస్సులో ఉప్పల్ దాటేదాకా సుష్మ కిటికీలోంచి స్టాపులు చూస్తూ కూర్చుంది. తరువాత, "మనల్నే జూడనీకె వచ్చింది గావచ్చు" అన్నది. దీనికి ఆధారం లేనందున ఈ అర్జీలో కారణంగా చూపడం లేదు.

7. ఇంతలో పోలీసువారు, మరణానికి కారణం తేలలేదని రాసి కేసు మూసివేశారు. అందులో వయసు పాత ఫిర్యాదు ప్రకారం ఇరవై ఎనిమిది అనే ఉంచారు. ప్రయోగశాల వారి మాట ఏమైందని అడిగితే ఎస్సై గారు, "డీఎన్ఏ కలిసింది, మనిషి ఎవరో తేలింది. వయసు దగ్గర మళ్ళీ మొదలెడితే ఇది తెమలదయ్యా. నిన్ను వదిలేశాం కదా, ఇంకా ఏం కావాలి?" అన్నారు. ఎముకలను అత్తకు అప్పగించారు. ఖననానికి నన్ను రావద్దన్నారు. వెళ్ళలేదు.

ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెట్టింది కూడా అత్తే. తల్లికి నలభై ఆరేళ్ళట అని సుష్మ ఆమెకు ముందే చెప్పి చూసింది. ఆమె ఏమన్నదో సుష్మ నాకు చెప్పింది. "నా బిడ్డ గన్నేండ్లు బతికుంటే నన్ను సూడకుంట ఉంటదా? గా డాక్టరమ్మకు దాని గురించి ఏం దెలుసు? దాన్ని కన్నది నేను. వాడే సంపిండు, అప్పుడే సంపిండు" అన్నదట. అని, ఇరవై ఎనిమిది అని వేయించి వేలిముద్ర పెట్టింది. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. ఇరవై ఎనిమిది అయితే ఆమెకు చనిపోయిన కూతురు ఉంది. నలభై ఆరు అయితే, పక్కనుంచే పోయి కూడా రాని కూతురు ఉంది.

8. సవరణ కోసం తమ కార్యాలయానికి వచ్చినప్పుడు కౌంటర్‌లో గౌతమ్ అనే అబ్బాయి ఓపికగానే విన్నాడు. అతని మీద చర్య తీసుకోవద్దని మనవి. మా సంభాషణ ఈ విధంగా జరిగింది.

"అంకుల్, నాకు అర్థమైతలేదు. చచ్చిపోయినంక వయసు ఎట్ల పెరుగుతది?"

"చచ్చిపోకముందే పెరిగింది బాబూ."

"2020ల చనిపోయిన్రంటే ఆధార్ ఉండాలె. నంబర్ కొట్టకుంటే సిస్టం ముందుకు పోదు."

"ఆమె ఆధార్ తీసుకోలేదు. ఎవరికీ దొరకొద్దని గావచ్చు."

"అయితే 2002 ఉంచుకోండి అంకుల్. అప్పుడు ఆధారే లేదు కాబట్టి సిస్టం అడగదు. మీకే ఈజీ." తరువాత కొంచెం ముందుకు వంగి, "అయినా ఇప్పుడు ఏం ఫరక్ పడుతది అంకుల్? మనిషే లేదాయె" అన్నాడు.

వెనక జనం నిలబడి ఉన్నందున అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పుకుంటున్నాను.

9. ఫరక్ ఏమనగా, ఇరవై ఎనిమిది అంటే నేను హంతకుడిని, నలభై ఆరు అంటే కాదు. ఇందులో నా స్వార్థం ఉందని ఒప్పుకుంటున్నాను. అయితే అది ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాడిని కాదు. నన్ను హంతకుడని అనుకునేవాళ్ళు ధ్రువపత్రం చూసి అనుకోవడం లేదు, చూసి మానుకోరు.

ఆ హాస్టల్ వంటగదిని నేను చూశాను. పెద్ద గిన్నెలు, కిటికీ అరుగు మీద ఒక పాత రేడియో ఉన్నాయి. రాణి అక్కడ బతికింది. నాతో కాదు, తల్లితో కాదు, కన్న పిల్లతో కాదు. అయినా బతికింది. నవ్వుతూ బతికిందని చెబుతున్నారు. దానికి నాకు కోపం రావాలేమో, రావడం లేదు. ఏదైనా వస్తే ఆ సంగతి తమకు రాయవలసిన అవసరం కూడా లేదు. కాని తమరు ఇచ్చిన ధ్రువపత్రం ప్రకారం ఆమె ఆ రోజు ఉప్పల్ చేరకముందే చనిపోయింది. ఆ పాటలు, ఆ పప్పుచారు, ఆ జ్వరం పిల్లల పక్కన పడుకోవడం, ఏదీ జరగలేదు. జరిగిందని చెప్పడానికి మిగిలింది ఆ ఎముక ఒక్కటే. దాని మాట తమరు వినాలి.

కావున తమరు ప్రయోగశాల వారిని విచారించి, సుశీలమ్మ గారి వాంగ్మూలం తీసుకుని, మృతురాలు చింతల రాణి వయసును నలభై ఆరుగా, మరణించిన సంవత్సరాన్ని 2020గా సవరింపజేయవలెనని కోరుకుంటున్నాను. పై సంగతులన్నీ తమరు తీరికగా, దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చింతల హన్మయ్య
నాచారం

తా.క.: పై అర్జీని సోమవారం తెచ్చి ఇవ్వాలని మడిచి పెట్టుకున్నాను. ఆదివారం ఉదయం సుష్మ ఫోన్ చేసింది. అమ్మమ్మ తిండి మానేసిందని, నన్ను పిలుస్తున్నదని చెప్పింది. వెళ్ళాను.

అత్త మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సగం అయిపోయింది మనిషి. చప్పుడు విని, "ఎవలు? హన్మయ్యనా?" అన్నది.

"నేనే అత్తా."

"సుష్మ రోజు ఒకటే మాట జెప్తున్నది. నా బిడ్డ అన్నోజిగూడల ఉన్నదట. పద్దెనిమిదేండ్లు ఉన్నదట. నవ్వుకుంట ఉన్నదట." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నా ఇంటి ముంగటికెళ్లి బస్సు పోతది. నేను ఏం జేసిన దానికి? ఒక్కనాడన్న దిగకపాయె."

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను.

"నిజం జెప్పు హన్మయ్యా. నిన్ను ఇగ ఏమనను. నువ్వే గదా?"

సుష్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. నేను దాని వైపు చూడలేదు.

"నేనే అత్తా" అన్నాను.

ఆమె చెయ్యి దుప్పటి మీద పడింది. "దానికి నొప్పి అయ్యిందా?"

"కాలె."

"అప్పుడు ఏడికి పోతున్నది అది?"

"నీ దగ్గరికే వస్తుండె. నేనే రానియ్యలె."

"నా దగ్గరికేనా?"

"నీ దగ్గరికే."

తిడుతుందని అనుకున్నాను. లేస్తే కొడుతుందని కూడా అనుకున్నాను. ఆమె కంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి, కాని ముఖం ఆ రోజు స్టేషన్‌లో ఉన్నట్టే తేలికగా ఉంది. చివరకు, "సుష్మా, జర అన్నం కలుపుకరా బిడ్డా. మెత్తగ కలుపు" అన్నది.

సుష్మ గిన్నె ఆమె చేతికి ఇచ్చి నా వెనకే బయటికి వచ్చింది. "ఎందుకట్ల జెప్పినవ్?" అని అడిగింది.

"తింటున్నదా?"

లోపలికి తొంగి చూసి వచ్చింది. "తింటున్నది" అన్నది.

అయ్యా, పై మాటలను నేరాంగీకారంగా పరిగణించవద్దని మనవి. అర్జీని నేను వెనక్కి తీసుకోవడం లేదు. దయచేసి స్వీకరించి, నంబరు వేసి, పక్కన ఉంచవలెను. లక్ష్మీనర్సమ్మ గారు ఉన్నన్నాళ్ళు ధ్రువపత్రంలో ఇరవై ఎనిమిది అనే ఉండనివ్వండి. అందాక నేనే చంపినట్టు ఉంటే నాకు అభ్యంతరం లేదు, అలవాటే. ఆమె పోయిన తరువాత సుష్మ వచ్చి తమకు తెలియజేస్తుంది. ఆ రోజు మాత్రం, ఎవరినీ ఆధార్ అడగకుండా, నలభై ఆరు అని వేయవలెను.